స్లౌ స్టేషన్: పాడింగ్టన్‌కి 3 నుంచా, 5 నుంచా? (ప్లాట్‌ఫారాలు, టికెట్లు, పాత చరిత్ర)

#1 బెర్క్‌షైర్_బుజ్జి
వచ్చే నెల మకాం లండన్‌కి పడమరనున్న స్లౌకి మారుతోంది. ఆఫీసు తూర్పు లండన్‌లోని కెనరీ వార్ఫ్‌లో, వారానికి మూడు రోజులు వెళ్లాలి. ఈ స్టేషన్ లెక్క మాత్రం అంతుపట్టడం లేదు. లండన్‌లోని పాడింగ్టన్ స్టేషన్‌కి పోయే బండి ఒకటి 3వ ప్లాట్‌ఫారం మీద, ఇంకోటి 5 మీద. వంతెన ఎక్కి దిగేలోపు బండి వెళ్లిపోతుంది. ఏది ఎక్కాలి? లండన్ బళ్లకి వాడే ఓయిస్టర్ కార్డు చాలా, వేరే టికెట్ కావాలా? హైదరాబాద్ నుంచి అమ్మానాన్న పెద్ద సూట్‌కేసులతో వస్తారు, లిఫ్టులు ఉన్నాయా? ఆఖరి ప్రశ్న: 5 మీద గాజు పెట్టెలో ఆ కుక్క ఏంటండీ?

#2 సిగ్నల్_శాస్త్రి
కుక్క సంగతి ఎవరో ఒకరు చెప్తారు, ముందు ప్లాట్‌ఫారాలు.

ఊరు, టాక్సీలు, ప్రధాన భవనం దక్షిణం వైపున ఉన్నాయి. అక్కణ్ణుంచి ఉత్తరానికి లెక్కపెట్టుకోండి. 1 విండ్సర్ బండిది, అక్కడితో పట్టాలు అయిపోతాయి. 2 ఫాస్ట్ లైను, రీడింగ్ వైపు. 3 ఫాస్ట్ లైను, పాడింగ్టన్ వైపు. 4 స్లో లైను, రీడింగ్ వైపు. 5 స్లో లైను, పాడింగ్టన్ వైపు. 6 ఉత్తరం కొసన ఉంది, రోజువారీ ప్రయాణికులకు దాంతో పెద్దగా పనిపడదు.

గుర్తుకి: 2, 4 పడమరకి. 3, 5 తూర్పుకి, అంటే లండన్‌కి.

తికమకకి అసలు కారణం వేగాన్ని బట్టి పట్టాలను జతచేయడం. పాడింగ్టన్ నుంచి రీడింగ్ దాకా నాలుగు దారులు. దక్షిణాన ఫాస్ట్ జత, ఉత్తరాన స్లో జత. లండన్ వెళ్లే రెండు దారులూ పక్కపక్కనే ఉండి ఉంటే ఒకే ప్లాట్‌ఫారానికి అటొక బండి, ఇటొక బండి వచ్చేవి, నడిచే పనే ఉండేది కాదు. ఇక్కడ 3, 4 ఒకే దిమ్మె మీద ఉన్నాయి గానీ ఒకటి లండన్ ఫాస్ట్, ఇంకోటి రీడింగ్ స్లో. అందుకే 3 నుంచి 5కి పోవాలంటే వంతెన తప్పదు.

#3 రైలు_రంగడు
శాస్త్రిగారు చెప్పిన దానికి ఒక మినహాయింపు. ఆదివారాలు, పండగ సెలవులు, పట్టాల పనులు జరిగే రోజుల్లో ఫాస్ట్ జత మూసేసి బళ్లన్నీ 4, 5 మీదికి తోలేస్తారు. ఓల్డ్ ఓక్ కామన్ దగ్గర కొత్త స్టేషన్ పనులు నడుస్తున్నాయి కాబట్టి ఇలాంటి రోజులు ఇంకా చాలా ఏళ్లు ఉంటాయి. గేటు దాటగానే బోర్డు చూసి అప్పుడు వంతెన ఎక్కండి. అలవాటు కొద్దీ 3 మీదికి పోయి నిలబడితే బండి వెనకాల నుంచి వెళ్లిపోతుంది.

#4 పాడింగ్టన్_పాంథుడు
కెనరీ వార్ఫ్ అయితే 3 నుంచి గ్రేట్ వెస్టర్న్ కంపెనీ ఫాస్ట్ బండి ఎక్కండి. చాలావరకు మధ్యలో ఆగవు, ఇరవై నిమిషాలకు అటూ ఇటూగా పాడింగ్టన్. అక్కడ కిందికి దిగి, లండన్ నగరం కింది సొరంగంలో పోయే ఎలిజబెత్ లైన్ ఎక్కితే కెనరీ వార్ఫ్ 17 నిమిషాలు. 5 మీద వచ్చే ఎలిజబెత్ బండి పాడింగ్టన్ చేరేసరికే అరగంట దాటుతుంది. లాంగ్లీ, ఐవర్, వెస్ట్ డ్రేటన్, హేస్, సౌతాల్ అంటూ పోతుంటుంది.

#5 లాంగ్లీ_లక్ష్మి
#4కి ఒప్పుకోను. పాడింగ్టన్‌లో మారడానికి పట్టే టైమ్ మీ లెక్కలో ఏది?

ఎలిజబెత్ లైన్ పాడింగ్టన్ ఈస్ట్‌బోర్న్ టెర్రస్ కింద ఉంది, అంటే పాత స్టేషన్‌లో 1వ ప్లాట్‌ఫారం పక్క వీధి. స్లౌ నుంచి వచ్చే ఫాస్ట్ బండి పెద్ద నెంబరు ప్లాట్‌ఫారం మీద ఆగిందంటే స్టేషన్ వెడల్పంతా నడవాలి, ఒక గేటు దాటి ఇంకో గేటులో దూరాలి, ఎస్కలేటర్ల మీద దిగాలి. పొద్దున రద్దీలో ఎనిమిది నిమిషాలు వేసుకోండి, కింద బండి కోసం ఇంకో రెండు మూడు. ఫాస్ట్ బండి 18 అనుకుంటే, దానికి 8, 3, 17 కలిపితే 46. నేరుగా వెళ్లే బండిలో 33కి 17 కలిపితే 50. నాలుగు నిమిషాల కోసం సీటు వదులుకుంటారా?

బుజ్జి గారికి నేరుగా వెళ్లడమే నయం. మెయిడెన్‌హెడ్ నుంచి, రీడింగ్ నుంచి వచ్చే ఎలిజబెత్ బళ్లు అబ్బీ వుడ్ వైపు పోతాయి, కెనరీ వార్ఫ్ దారిలోనే తగులుతుంది. స్ట్రాట్‌ఫర్డ్ వెళ్లేవాళ్లు మాత్రం వైట్‌చాపెల్‌లో మారాలి.

#6 పాడింగ్టన్_పాంథుడు
@లాంగ్లీ_లక్ష్మి లెక్క బాగుంది, కెనరీ వార్ఫ్‌కి సరే. పాడింగ్టన్ చుట్టుపక్కల ఆఫీసులైతే, అండర్‌గ్రౌండ్ బేకర్లూ లైన్ పట్టుకోవాల్సినవాళ్లయితే ఫాస్ట్ బండే. సీటు విషయంలో ఇంకో మాట. ఎలిజబెత్ బండికి తొమ్మిది పెట్టెలు, 205 మీటర్ల పొడవు, మొత్తం సీట్లు 450. పదిహేను వందల మందికి తయారుచేసిన బండి అది, అంటే మిగతావాళ్లంతా నిలబడాల్సిందే. స్లౌ మొదట్లోనే కాబట్టి పొద్దున సీటు దొరుకుతుంది. సాయంత్రం కెనరీ వార్ఫ్‌లో ఎక్కినప్పుడు మాత్రం దేవుడి దయ.

#7 లాంగ్లీ_లక్ష్మి
సాయంత్రం బోర్డు చదవడం కూడా నేర్చుకోవాలి. కెనరీ వార్ఫ్ నుంచి పడమరకి వచ్చే బళ్లు కొన్ని హీత్రూకి, కొన్ని మెయిడెన్‌హెడ్‌కో రీడింగ్‌కో. తొందరలో హీత్రూ బండి ఎక్కినా కొంపేం మునగదు, హేస్ అండ్ హార్లింగ్టన్‌లో దిగి అక్కడే నిలబడితే స్లౌ బండి అదే ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది. హేస్ దాటారో, ఇక విమానాశ్రయం చూసి రావడమే.

#8 విండ్సర్_వాణి
ముఖ్యమైన మాట ఎవరూ చెప్పలేదు. ఎలిజబెత్ బళ్లలో టాయిలెట్ ఉండదు, ఒక్క పెట్టెలోనూ. గ్రేట్ వెస్టర్న్ బళ్లలో ఉంటుంది. చిన్నపిల్లలు, షుగర్ ఉన్న పెద్దవాళ్లు వెంట ఉంటే స్టేషన్‌లోనే పని కానిచ్చుకుని ఎక్కండి.

#9 కాంటాక్ట్‌లెస్_కామేశం
టికెట్ల మాట.

ఓయిస్టర్ స్లౌలో పనిచేయదు. ఈ దారిలో దాని హద్దు వెస్ట్ డ్రేటన్. దాటితే పనికిరాదు. లండన్‌లో ఎక్కేటప్పుడు ఓయిస్టర్ తాకించి స్లౌలో దిగారనుకోండి, ఇక్కడ తాకించడం కుదరదు. ప్రయాణం ముగియలేదని సిస్టమ్ గరిష్ఠ చార్జీ కోస్తుంది, గేటు దగ్గర టికెట్ లేనట్టే లెక్క కాబట్టి పెనాల్టీ కూడా పడొచ్చు. అది 100 పౌండ్లు. 21 రోజుల్లో కడితే 50.

బ్యాంకు కార్డు కాంటాక్ట్‌లెస్ మాత్రం 2020 జనవరి 2 నుంచి రీడింగ్ దాకా చెల్లుతుంది. ఎలిజబెత్ బండికీ, గ్రేట్ వెస్టర్న్ బండికీ రెండింటికీ.

ఎందుకీ తేడా అంటే, ఓయిస్టర్‌లో చార్జీ లెక్కంతా కార్డుకీ గేటు యంత్రానికీ మధ్య అక్కడికక్కడే తేలాలి. ఆ పాత అమరికలో జోన్ల సంఖ్యకి పరిమితి ఉంది. కాంటాక్ట్‌లెస్‌లో గేటు తాకిన టైమ్, స్టేషన్ మాత్రమే రాసుకుంటారు, చార్జీ రాత్రికి సర్వర్‌లో వేస్తారు. కాబట్టి ఎంత దూరమైనా పెంచుకోవచ్చు.

తప్పులు జరిగే చోట్లు:
ఫోన్‌లో పెట్టుకున్న కార్డుతో లోపలికి, అదే ఖాతా ప్లాస్టిక్ కార్డుతో బయటికి వస్తే సిస్టమ్‌కి అవి రెండు వేర్వేరు కార్డులు. రెండు అసంపూర్తి ప్రయాణాలు పడతాయి. పొద్దున దేనితో మొదలుపెడితే రోజంతా దానితోనే.
ఒక మనిషికి ఒక కార్డు. ఒకే కార్డుతో మొగుడూ పెళ్లాం ఇద్దరూ వెళ్లడం కుదరదు.
పొద్దున పీక్ 6.30 నుంచి 9.30 దాకా. గేటు తాకిన నిమిషమే లెక్క, బండి బయల్దేరిన నిమిషం కాదు. 9.28కి తాకించి 9.40 బండి ఎక్కితే పీక్ చార్జీయే.

#10 గోదారి_గట్టు
@కామేశం రైల్‌కార్డు తగ్గింపు?

#11 కాంటాక్ట్‌లెస్_కామేశం
కాంటాక్ట్‌లెస్ కార్డుకి రైల్‌కార్డు జతచేయడం కుదరదు. తగ్గింపు కావాలంటే కాగితం టికెట్టో ఈ-టికెట్టో కొనాలి. పది తర్వాత నలుగురు కలిసి లండన్ వెళ్తుంటే నెట్‌వర్క్ రైల్‌కార్డుతో కొన్న టికెట్టే చవక పడొచ్చు. ఒంటరిగా ఆఫీసుకు వెళ్లేవాళ్లకు కాంటాక్ట్‌లెస్ రోజు గరిష్ఠ పరిమితి, సోమ–ఆది వారం పరిమితి బాగా కలిసొస్తాయి.

#12 సీజన్_టికెట్_సుబ్బారావు
మూడు రోజుల ఆఫీసు కాబట్టి ఫ్లెక్సీ సీజన్ మాట కూడా చూసుకోండి. 28 రోజుల్లో వాడుకోవడానికి 8 రోజుల పాసులు వస్తాయి. బుజ్జి గారికి నాలుగు వారాలకు 12 రోజులు కావాలి, అంటే మూడో వారం ముగియకుండానే 8 అయిపోతాయి, మళ్లీ కొనాలి. నష్టం లేదు, మిగిలిపోవు కాబట్టి. వారానికి ఒక్క రోజు వెళ్లేవాళ్లకే అది దండగ.

పోల్చడం ఇలా: ఫ్లెక్సీ ధరని 8తో భాగించండి. కాంటాక్ట్‌లెస్‌లో ఒక పీక్ రోజు రానూపోనూ ఎంతో చూడండి. అయితే గమ్యం దగ్గర జాగ్రత్త. మీరు పాడింగ్టన్‌లో ఆగడం లేదు, కెనరీ వార్ఫ్ దాకా వెళ్లాలి. కొనబోయే టికెట్ పాడింగ్టన్ వరకేనా, లోపలి జోన్లు కూడా కలిసున్నాయా చదివి కొనండి. పాడింగ్టన్ వరకే అయితే అక్కణ్ణుంచి చార్జీ వేరేగా కలుపుకుని అప్పుడు పోల్చండి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

#13 రైలు_రంగడు
బండి లేటయితే డబ్బు వెనక్కి అడగడం మర్చిపోకండి. గ్రేట్ వెస్టర్న్‌లో 15 నిమిషాలు దాటితే, ఎలిజబెత్ లైన్‌లో 30 నిమిషాలు దాటితే. 28 రోజుల్లోపు అడగాలి. ఏ బండి లేటయిందో ఆ సంస్థకే పెట్టాలి, ఒకరికి పెట్టాల్సింది ఇంకొకరికి పెడితే తిప్పి పంపుతారు.

#14 ఓరుగల్లు_ఓబులేశ్
గివన్నీ సరే. గా కుక్క ముచ్చట చెప్పున్రి ఎవరన్నా.

#15 విండ్సర్_వాణి
దాని పేరు జిమ్. గ్రేట్ వెస్టర్న్ రైల్వేలో చనిపోయిన ఉద్యోగుల భార్యల కోసం, పిల్లల కోసం ఒక నిధి ఉండేది. ఆ నిధికి జిమ్ చందాలు వసూలు చేసేది. వీపు మీద డబ్బా కట్టేవారు, నాణెం వేసిన ప్రతిసారీ ఒకసారి మొరిగేది. ఒక ఆదివారం సౌతాల్‌లో ఆసుపత్రి ఊరేగింపుకి తీసుకెళ్తే 265 నాణేలు పడ్డాయి. వాటిలో వెండివి ఐదో ఏమో, మిగతావన్నీ చిల్లర. అంటే ఆ ఒక్క మధ్యాహ్నం 265 సార్లు మొరిగిందన్నమాట.

పెట్టె దగ్గరున్న ఫలకం పూర్తిగా చదవండి. వెలుగుతున్న అగ్గిపుల్ల కింద పడేస్తే గుర్రుమంటూ ఆర్పేసేది. గోడకి నిచ్చెన వేస్తే ఎక్కేది. పిల్లల్ని స్టేషన్ బయటికి పంపమంటే పంపేది, కరిచేది కాదు. ఎక్కడికి పంపినా రైలెక్కి తిరిగొచ్చేది. 1896 నవంబరు 19న డ్యూటీలోనే పోయింది. ఊరివాళ్లు చందాలేసుకుని గాజు పెట్టెలో పెట్టించారు.

#16 ఓరుగల్లు_ఓబులేశ్
265 సార్లు మొరిగిందంటే మస్తు నిజాయితీ గల్ల క్యాషియర్. రసీదు నోటితోనే ఇచ్చింది.

#17 బ్రాడ్‌గేజ్_బాబ్జీ
కుక్క దాకా వచ్చారు కాబట్టి స్టేషన్ పుట్టుక కూడా చెప్పుకుందాం. భవనం దక్షిణం వైపే ఎందుకుందన్న దానికీ దీనికీ సంబంధం ఉంది.

1835లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే చట్టం వచ్చినప్పుడు స్లౌ పక్కనే ఉన్న మగపిల్లల బడి ఈటన్ కాలేజీవాళ్లు అడ్డుపడ్డారు. రైలొస్తే పిల్లలు లండన్ పారిపోయి చెడిపోతారని భయం. కాలేజీకి మూడు మైళ్ల లోపు స్టేషన్ కట్టకూడదని చట్టంలోనే రాయించారు. 1838 జూన్ 4న పాడింగ్టన్ నుంచి మెయిడెన్‌హెడ్ వైపు బళ్లు మొదలయ్యాయి. కంపెనీ స్లౌలో స్టేషన్ కట్టలేదు. బండి మాత్రం ఆపింది. పక్కనున్న సత్రంలో గది అద్దెకు తీసుకుని టికెట్లు అమ్మింది. కాలేజీ కోర్టుకెక్కితే చట్టం స్టేషన్ కట్టొద్దంది గానీ బండి ఆపొద్దనలేదని కొట్టేశారు. అదే నెల 28న విక్టోరియా రాణి పట్టాభిషేకం. పిల్లల్ని లండన్ తీసుకెళ్లడానికి స్లౌ నుంచి ప్రత్యేక రైలు కావాలని అడిగింది ఎవరనుకున్నారు? ఆ కాలేజీయే.

1840 జూన్ 1న అసలు స్టేషన్ తెరిచారు. కంపెనీ ఇంజనీరు బ్రునెల్ దాన్ని ఒకవైపు స్టేషన్‌గా కట్టాడు. వచ్చే బళ్లకీ పోయే బళ్లకీ ప్లాట్‌ఫారాలు రెండూ ఊరు వైపే, అంటే దక్షిణానే, ఒకదాని పక్కన ఒకటి. ప్రయాణికులు పట్టాలు దాటక్కర్లేదు, వంతెన అక్కర్లేదు. కానీ ఒక దిక్కు బండి ప్లాట్‌ఫారానికి రావాలంటే ఎదురు దారిని అడ్డంగా దాటాలి. రోజుకి నాలుగు బళ్లున్నప్పుడు సరే. రద్దీ పెరిగాక ఆగని బండికి కూడా దారివ్వలేని పరిస్థితి.

#18 గోదారి_గట్టు
అయితే ఇప్పుడున్న భవనం బ్రునెల్ కట్టిందేనా? ముందు వీధి పేరు కూడా బ్రునెల్ వే.

#19 బ్రాడ్‌గేజ్_బాబ్జీ
వీధి పేరు గౌరవార్థం, అంతే. బ్రునెల్ 1859లో పోయాడు, ఈ భవనం 1880లది. 1870ల చివర్లో లండన్ నుంచి స్లౌ దాకా నాలుగు దారులు పడ్డాయి, ఒకవైపు స్టేషన్‌తో ఇక కుదరక మొత్తం మార్చేశారు. పైకప్పు చూడండి, ఫ్రెంచ్ తరహాలో నిటారుగా లేచిన కప్పు, చేప పొలుసుల్లా కోసిన పలకలు, శిఖరం మీద ఇనుప అల్లిక, గుండ్రటి కిటికీలు. ప్రధాన భవనం, 3–4 మధ్య దిమ్మె మీది భవనం వారసత్వ రక్షణ జాబితాలో ఉన్నాయి. రైలు దిగగానే ఫోన్ చూసుకుంటూ పోకుండా ఒక్కసారి బయట నిలబడి తలెత్తాల్సిన కట్టడం.

బుజ్జి గారు విసుక్కున్న వంతెన కూడా ఆ మార్పుతో వచ్చిన బాధే.

#20 సిగ్నల్_శాస్త్రి
రాణి సంగతి వదిలేశారు బాబ్జీ. విండ్సర్ కోటకి అప్పట్లో దగ్గరి స్టేషన్ స్లౌయే. 1842 జూన్ 13న విక్టోరియా రాణి మొదటిసారి రైలెక్కింది ఇక్కడే. ఇంజను పేరు ఫ్లెగెథాన్, నడిపింది డేనియల్ గూచ్, పక్కన బ్రునెల్. పాడింగ్టన్‌కి 25 నిమిషాలు పట్టింది. దూరం 18 మైళ్ల పైన. ఇప్పుడు మధ్యలో ఆగుతూ పోయే ఎలిజబెత్ బండి కంటే ఆ రోజు రాణి ముందే చేరింది.

#21 లాంగ్లీ_లక్ష్మి
@శాస్త్రి రాణి బండికి లాంగ్లీలో ఆగే పనిలేదుగా! ఆగితే తెలిసేది.

#22 రైలు_రంగడు
టెలిగ్రాఫ్ కేసు కూడా ఇక్కడిదే. 1845 జనవరి 1. సాల్ట్ హిల్‌లో ఒకావిడకి విషం పెట్టి జాన్ టావెల్ అనేవాడు స్లౌలో రైలెక్కాడు. స్టేషన్ నుంచి తీగ మీద పాడింగ్టన్‌కి కబురెళ్లింది. దిగగానే పట్టుకున్నారు. టెలిగ్రాఫ్ వల్ల దొరికిన తొలి హంతకుడు.

#23 సిగ్నల్_శాస్త్రి
దిగగానే పట్టుకోలేదు రంగడూ. పాడింగ్టన్‌లో పోలీసు సార్జెంటు మామూలు మనిషిలా వెంబడించాడు, గుర్రబ్బండి బస్సులో కూడా వెనకే వెళ్లాడు. అరెస్టు మర్నాడు. ఉరి 1845 మార్చి 28న.

కబురు ఎలా వెళ్లిందన్నదే అందులో అసలు విశేషం. టావెల్ క్వేకర్ మతస్థుల పొడుగు కోటు వేసుకున్నాడు. యంత్రం ముళ్లు సూచించగల అక్షరాల్లో క్యూ లేదు. దాంతో స్లౌ ఆపరేటరు క్వేకర్ అన్న మాటని కె, డబ్ల్యూ పెట్టి పంపాడు. అవతలివాడికి మొదట అర్థం కాక మళ్లీ మళ్లీ పంపమన్నాడు. అందులో బండి టైమ్, పెట్టె వివరం అన్నీ ఉన్నాయి, 7.42 బండి, రెండో ఫస్ట్ క్లాసు పెట్టెలో చివరి గది అని.

ఈ తీగ పాడింగ్టన్ నుంచి 1839లో వెస్ట్ డ్రేటన్ దాకా, 1843లో స్లౌ దాకా వచ్చింది. 1844 ఆగస్టు 6న విండ్సర్‌లో రాకుమారుడు ఆల్ఫ్రెడ్ పుట్టిన వార్త కూడా దీని మీదే లండన్ చేరింది.

#24 గోదారి_గట్టు
ఉత్తరం వైపు ఎర్ర ఇటుకల పెద్ద ఫ్యాక్టరీ, చిమ్నీ రైల్లోంచి కనిపిస్తుందే, అది హార్లిక్స్‌దేనా?

#25 విండ్సర్_వాణి
అదే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కట్టారు. 2018లో తయారీ ఆపేశారు, ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. రాజమండ్రిలో హార్లిక్స్ ఫ్యాక్టరీ ముందునుంచి తిరిగినవాళ్లకి స్లౌలో దాని పెద్దన్న కనిపించినట్టే.

#26 గోదారి_గట్టు
మా రాజమండ్రి పేరు వచ్చింది, ఈ చర్చ ఇక ధన్యం.

#27 బ్రాడ్‌గేజ్_బాబ్జీ
ఎలిజబెత్ లైన్ వచ్చాకే లండన్ బళ్లు స్లౌకి వచ్చాయనుకోకండి. 1883 మార్చి నుంచి 1885 సెప్టెంబరు దాకా డిస్ట్రిక్ట్ రైల్వే బళ్లు, ఇప్పటి అండర్‌గ్రౌండ్ డిస్ట్రిక్ట్ లైన్ తాతలు, స్లౌ మీదుగా విండ్సర్ దాకా నడిచాయి. జనం ఎక్కక ఆపేశారు. మళ్లీ లండన్ రవాణా సంస్థ బళ్లు రీడింగ్ దాకా నడవడం 2019 డిసెంబరు 15న. నగరం కింది సొరంగంలోకి బండి మారకుండా వెళ్లడం 2022 నవంబరు 6 నుంచి.

#28 సిగ్నల్_శాస్త్రి
భద్రత గురించి ఒక మాట. 1900 జూన్ 16న ఫాల్మత్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎర్ర సిగ్నళ్లు దాటుకుని వచ్చి స్లౌలో ఆగి ఉన్న బండిని వెనక నుంచి గుద్దింది, ఐదుగురు పోయారు. సిగ్నల్ దగ్గరికి రాగానే ఇంజనులోనే డ్రైవరుకి హెచ్చరిక వినిపించే ఏర్పాటుని ఈ కంపెనీ 1906లో హెన్లీ శాఖ మీద మొదలుపెట్టింది.

ఇప్పటికీ 2, 3 మీద జాగ్రత్త. ఆగని బళ్లు గంటకి 125 మైళ్లు, అంటే 200 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతాయి. గాలి పక్కనున్నదాన్ని లాగుతుంది. పిల్లల తోపుడు బండికి బ్రేకు వేసి, పట్టాలకి ఎదురుగా కాకుండా సమాంతరంగా తిప్పి పెట్టండి. చక్రాల సూట్‌కేసు కూడా అంతే, పడుకోబెట్టడం మేలు. అనౌన్స్‌మెంట్ వినగానే పసుపు గీత వెనక్కి.

#29 బెర్క్‌షైర్_బుజ్జి
ఇంత వస్తుందనుకోలేదు, చాలా ఉపయోగం. హీత్రూ నుంచి అమ్మానాన్నల్ని రైల్లో తేవచ్చా? వాళ్ల ఇండియా కార్డులు గేటు దగ్గర పనిచేస్తాయా?

#30 లాంగ్లీ_లక్ష్మి
హీత్రూ నుంచి స్లౌకి నేరుగా రైలు లేదు. హీత్రూ ఎక్స్‌ప్రెస్ స్లౌలో ఆగదు, హేస్‌లోనూ ఆగదు, దాన్ని ఎక్కితే పాడింగ్టనే. ఎలిజబెత్ బండి ఎక్కి హేస్ అండ్ హార్లింగ్టన్‌లో దిగి పడమర బండి పట్టుకోవాలి. #7లో చెప్పినట్టు అదే ప్లాట్‌ఫారం కాదు సుమా, ఇది ఎదురు దిక్కు మార్పు. లిఫ్టు ఎక్కి వంతెన దాటి ఇంకో ప్లాట్‌ఫారానికి వెళ్లాలి. స్లౌలో లిఫ్టులున్నాయి, 4 నుంచి ప్రధాన ద్వారానికి మెట్లు లేకుండా రావచ్చు. కానీ పది గంటలు విమానంలో కూర్చుని, నాలుగు పెద్ద సూట్‌కేసులతో దిగినవాళ్లకి ఈ తిప్పలు వద్దు. టాక్సీయో, హీత్రూ బస్సో చూడండి.

లాంగ్లీ, ఐవర్ మధ్య నుంచి టెర్మినల్ 5కి 5 కిలోమీటర్ల సొరంగంతో లైను వేయాలని ప్రణాళిక ఉండేది, 2021లో పక్కన పెట్టారు. అది పడి ఉంటే ఈ ప్రశ్నే లేదు.

#31 కాంటాక్ట్‌లెస్_కామేశం
ఇండియా కార్డులు: వీసా, మాస్టర్‌కార్డ్ అయితే పనిచేస్తాయి, రూపే అయితే కాదు. అయితే రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డులకి విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ మొదట ఆపేసి ఉంటాయి. ఇండియాలో ఉండగానే బ్యాంకు యాప్‌లో రెండూ ఆన్ చేయించండి, ఇక్కడికొచ్చాక ఓటీపీ రాక అవస్థ. విదేశీ మారకం రుసుము కూడా పడుతుంది. వాళ్లకి మీ ఖాతా మీద అదనపు కార్డులు తీసుకుంటే ఇద్దరికీ చెరొకటి, రుసుము లేదు.

ఇంకోటి, పెద్దలకి లండన్ ఫ్రీడమ్ పాస్ (వృద్ధుల ఉచిత ప్రయాణ పాసు) రీడింగ్ దాకా చెల్లుతుందని ఎవరో ఒకరు మీకు చెప్తారు. చెల్లుతుంది, ఎలిజబెత్ బళ్లలో. కానీ అది లండన్ బరోల్లో, అంటే నగర పాలనా విభాగాల్లో, నివాసం ఉన్నవాళ్లకి. స్లౌ లండన్ కాదు.

#32 రైలు_రంగడు
చక్రాల కుర్చీ అవసరమైతే: నగరం కింది కొత్త స్టేషన్లలో ప్లాట్‌ఫారం, పెట్టె ఒకే ఎత్తులో ఉంటాయి. స్లౌలో అలా కాదు, సిబ్బంది ర్యాంపు వేయాలి. ప్యాసింజర్ అసిస్ట్ అనే సాయం సేవలో రెండు గంటల ముందు చెప్తే చాలు. చెప్పకుండా వచ్చినా సాయం చేస్తారు గానీ, దిగే స్టేషన్‌కి కబురు వెళ్లిందో లేదో ఎక్కేముందే అడగండి. ఎక్కించి, అవతల ర్యాంపుతో ఎవరూ లేకపోవడమే మామూలుగా జరిగే పొరపాటు. ఏ పెట్టెలో కూర్చున్నారో కూడా చెప్పించండి.

#33 బెర్క్‌షైర్_బుజ్జి
రాసుకున్నాను. వాళ్లని విండ్సర్ కోటకి తీసుకెళ్లడం ఎలాగో కూడా చెప్పేస్తే పూర్తవుతుంది.

#34 విండ్సర్_వాణి
1వ ప్లాట్‌ఫారం, ప్రధాన ద్వారం పక్కనే, వంతెన ఎక్కే పనే లేదు. ఆరు నిమిషాల ప్రయాణం. ఈ శాఖ 1849 అక్టోబరు 8న తెరిచారు. ఒకప్పుడు రెండు దారులు, 1963 నుంచి ఒకటే, ఒకే బండి అటూ ఇటూ తిరుగుతుంటుంది. ఒకటి తప్పితే అదే వెళ్లి మళ్లీ రావాలి. శని, ఆదివారాలు మధ్యాహ్నం కిక్కిరిసి ఉంటుంది, రెండు మూడు పెట్టెల చిన్న బండి కాబట్టి పది లోపే వెళ్లిపోండి.

వెళ్లేటప్పుడు ఎడమ పక్క కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. బండి పడమరకి బయల్దేరి దక్షిణానికి తిరుగుతుంది, ఈటన్, కోట రెండూ ఎడమవైపే. థేమ్స్ దాటే వంతెన బ్రునెల్‌ది, ఒకే కమాను, 200 అడుగుల పైన, 1849లో కట్టిన ఇనుమే ఇప్పటికీ బండిని మోస్తోంది. దిగాక కోట గేటు రోడ్డుకి అవతలే, అయితే కొంచెం ఎత్తు ఎక్కాలి. నాన్నగారికి మోకాళ్ల నొప్పులుంటే నెమ్మదిగా.